సెల్లులైటిస్ : స్వరూపము, చికిత్స, నివారణము

చిక్కబళ్ళాపురము జిల్లాలో శిడ్లఘట్ట తాలూకాకు చెందిన సాదలియు, ఆ జిల్లాయందలి బాగేపల్లి, చింతామణి తాలూకాలును కర్ణాటక రాష్ట్రమున నున్నను, తరతరములుగా ఇంట తెలుగు మాటాడు కుటుంబములకు నిలయములు. ఉత్తర పినాకిని, దక్షిణ పినాకిని, చిత్రావతి మొదలగు నదులు నందికొండ పరిసరములందే పుట్టుచున్నను, ఏడాది పొడవున పాఱు ఏఱు ఈ సీమకు లేదు. మెట్టసేద్యము, రాగి, వేరుసెనగ, మల్బరీ తోటలు, పట్టుపురుగుల పెంపకము, పాడి, కూలి పనులు, ఇవియే ఇచ్చటి జీవనాధారములు. శిడ్లఘట్ట పట్టుగూళ్ళ సంత ఎల్లరు నెఱిగినదే. ఇట్టి సీమలో మనుష్యునకు ముఖ్యమైన ఆస్తి అతని కాళ్ళును చేతులును. అవి మూలబడిన దినమున ఇల్లంతయు మూలబడును.

అట్టి కాళ్ళనే ఎక్కువగా పట్టుకొను వ్యాధి యొకటి కలదు. వైద్యులు దానిని సెల్లులైటిస్ అందురు. ఇది అరుదైన వ్యాధి కాదు. క్రొత్త వ్యాధియు కాదు. ఐనను దీనినిగూర్చి మన పల్లెలలో తెలిసినది స్వల్పము. దీని విషయమున ముఖ్యముగ గ్రహింపవలసినది ఒక్కటియే. ఇది కంటికి ఆనని చిన్న పగులునుండి లోపలికి చొచ్చును. తొలి దినములలో సామాన్యమైన మందునకే లొంగును. కాలయాపన జరిగినచో కాలినిగాని ప్రాణమునుగాని కోరును. ఈ మూడు మాటలను సకారణముగ వివరించుటయే ఈ వ్యాసమున ఉద్దేశము.

నామవిచారము

లాటిను భాషలో 'సెల్లులా' యనగా చిన్న గది. చర్మమునకు క్రిందనున్న మెత్తని పొరను పూర్వపు శారీరశాస్త్రజ్ఞులు చిన్న చిన్న గదుల కూర్పుగా వర్ణించిరి. ఆ పొరకు తాపమును వాపును కలుగుటచే ఈ పేరు వచ్చినది. ఎఱ్ఱదనము, వేడి, వాపు, నొప్పి, ఈ నాలుగును కూడిన స్థితిని మన వైద్యశాస్త్రపరిభాషలో శోథ మందురు.

ఆయుర్వేదమున దీనికి దగ్గఱగా నున్న వ్యాధి విసర్పము. చరకసంహిత చికిత్సాస్థానమున 21వ అధ్యాయము విసర్పచికిత్సకే కేటాయింపబడినది. 'సృప్' అను ధాతువునకు ప్రాకుట యని యర్థము. సర్ప శబ్దమును దానినుండియే పుట్టినది. దినదినమును చర్మముపై ప్రాకిపోవు స్వభావమును గమనించియే ప్రాచీనులు ఆ పేరిడిరి. విసర్పమున నేటి వైద్యులు వేఱువేఱుగా లెక్కించు వ్యాధులు కొన్ని కలిసియున్నవి గాన, రెండును సర్వవిధముల ఒకటే యనరాదు. కాని ప్రాకుట యను ఆ ప్రధానలక్షణము నేటికిని వైద్యునకు దారి చూపుచున్నది.

పల్లెలలో సర్పి యని పిలుచునది దీనికంటె భిన్నము. సర్పి సోకినప్పుడు శరీరమున ఒక ప్రక్కనే, పట్టీవలె, నీటిపొక్కులు గుంపులుగా లేచును. దానికి కారణము వైరసు. సెల్లులైటిస్‌కు కారణము బాక్టీరియా. రెంటికిని మందులు వేఱు.

చర్మమను కోట, దాని ద్వారములు

చర్మమున పైపొర, లోపొర, వాని క్రింద క్రొవ్వుపొర యని మూడంతస్తులు కలవు. పైపొర చెక్కుచెదరకున్నంతకాలము సూక్ష్మజీవులు దానిపై నివసించుచుండియు లోపలికి రాజాలవు. అది ఎచ్చట చీలినను అచ్చట కోటకు గండి పడినట్లే. లోపొర పైభాగమున మాత్రమే వ్యాధి వ్యాపించినచో దాని అంచు మెఱకగా, గీత గీసినట్లు స్పష్టముగ నుండును. దానిని ఎరిసిపెలాస్ అందురు. లోపొర అడుగును, క్రొవ్వుపొరను చేరినచో అంచు అస్పష్టమగును, అది సెల్లులైటిస్. ఆచరణమున రెంటిని విడదీయుట కష్టము; చికిత్సయు ఇంచుమించు ఒకటే.

దీనికి కారకములైన సూక్ష్మజీవులలో ప్రధానమైనవి రెండు జాతులు. గొలుసువలె వరుసకట్టి పెరుగునవి స్ట్రెప్టోకోకస్. ద్రాక్షగుత్తివలె గుమిగూడునవి స్టాఫిలోకోకస్. మొదటిదానికి 1874లో వియన్నా శస్త్రవైద్యుడు బిల్‌రోత్ నామకరణము చేసెను. రెండవదానిని స్కాట్లండు శస్త్రవైద్యుడు ఆగ్‌స్టన్ 1880 ప్రాంతమున చీమునందు గుర్తించి, దరిమిలా పేరిడెను. చీము లేక విస్తరించు వాపునకు సామాన్యముగ మొదటిది, చీము పట్టిన గడ్డకు సామాన్యముగ రెండవది కారణము.

ఇక గండి ఎచ్చట పడును? 1999లో ఫ్రాన్సు దేశమున 167 మంది రోగులను, 294 మంది ఇతరులను పోల్చి చేసిన పరిశోధన యొకటి దీనికి సమాధానము చెప్పుచున్నది. చర్మము చీలియుండుట, కాలివ్రేళ్ళ సందులు ఒరసి పుండగుట, కాలికి ఎడతెగని వాపు ఉండుట, సిరలలో రక్తము నిలిచిపోవుట, స్థూలకాయము, ఇవి ముఖ్యకారణములుగ తేలెను. వీనిలో వ్రేళ్ళ సందుల పుండు మన దృష్టిని ప్రత్యేకముగ ఆకర్షింపవలెను. అది ప్రాణాపాయము కలిగింపదు, పనిని ఆపదు గాన ఎవ్వరును లక్ష్యపెట్టరు. కాని సూక్ష్మజీవులకు అదియే రాజద్వారము.

ఈ దృష్టితో సాదలి సీమ జీవనమును పరిశీలించినచో ద్వారములు పెక్కు కనబడును. నీరుగట్టిన మడిలో నిలిచి పనిచేయువారి వ్రేళ్ళ సందులు నాని, తెల్లబడి, చీలును. వేసవిలో చెప్పులు లేక నడచువారి మడమలు పగులును. తుమ్మముల్లు గ్రుచ్చుకొనును, కొడవలి తగులును, పశువుల కొట్టములో దోమలు, జోరీగలు కుట్టినచోట గోళ్ళతో గీరుకొందురు. పట్టుగూళ్ళనుండి దారము తీయువారి వ్రేళ్ళు దినమంతయు వేడినీటిలో నానుటచే చర్మము మెత్తబడి పగులును. ఇవి యన్నియు కష్టజీవుల కాళ్ళపై, చేతులపై వృత్తి వ్రాసిన గీతలు. వీనిని పూర్తిగ తప్పించుట అసాధ్యము. కనిపెట్టి మూయుట సాధ్యము.

మధుమేహముగూర్చి ఒక మాట. పైని పేర్కొన్న ఫ్రెంచి పరిశోధనలో మధుమేహమునకును ఈ వ్యాధి పుట్టుటకును సంబంధము కనబడలేదు. అంతమాత్రమున మధుమేహరోగులు నిశ్చింతగ నుండరాదు. చిరకాలమునుండి ఆ వ్యాధి గలవారికి పాదములలో స్పర్శ తగ్గును. ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు. రక్తప్రసారము తగ్గుటచే పుండు త్వరగ మానదు. వ్యాధి ముదిరి ఎముకకు చేరు భయము వారికే ఎక్కువ.

లక్షణములు

వ్యాధి సామాన్యముగ ఒక కాలికే, మోకాలి క్రింది భాగమున వచ్చును. కొన్ని గంటలలోనో ఒకటి రెండు దినములలోనో ఆ చోటు ఎఱ్ఱబడి, ఉబ్బి, బిగుసుకొని, మెఱయుచు, చేయి మోపినంతనే వేడిగా తగులును. నొక్కినచో నొప్పి. కొందఱికి చలితో కూడిన జ్వరము ముందుగ వచ్చి, కాలి వాపు తరువాత బయటపడును. పాదమునుండి తొడవైపు ఎఱ్ఱని చార ప్రాకవచ్చును. గజ్జలలో బిళ్ళ కట్టవచ్చును. ఇవి వ్యాధి రసనాళములలోనికి ప్రవేశించుటకు గుర్తులు.

విదేశీయ గ్రంథములలో ఎఱ్ఱదనమునకు ఇచ్చిన ప్రాధాన్యమును మనము కొంత సవరించుకొనవలెను. నల్లని, చామనచాయ శరీరములపై ఎఱ్ఱదనము స్పష్టముగ కానరాదు. ఊదా రంగుగనో, చుట్టునున్న చర్మముకంటె మఱింత నలుపుగనో తోచును. కావున కంటికంటె చేతిని నమ్ముట మేలు. రెండు కాళ్ళను ఒకే వేళ తాకి చూచినచో, ఏది వేడిగా ఉబ్బియున్నదో తెలిసిపోవును.

వాచిన కాలెల్ల సెల్లులైటిస్ కాదు. 2017లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశీలనమున, ఈ వ్యాధి యని ఆసుపత్రిలో నిర్ణయింపబడిన 259 మందిలో 79 మందికి వేఱు కారణము లున్నట్లు తేలెను. రెండు కాళ్ళును సమానముగ వాచి నల్లబడినచో సిరల దోషమును శంకింపవలెను. పిక్క మాత్రమే గట్టిపడి నొప్పిపెట్టినచో లోని సిరలో రక్తము గడ్డకట్టియుండవచ్చును. బొటనవ్రేలి కీలు అర్ధరాత్రి హఠాత్తుగ వాచినచో అది వాతరక్తము కావచ్చును. పొలమునుండి వచ్చినవెంటనే కాలు వాచి, రెండు గాట్లు కనబడినచో పాముకాటును మఱువరాదు. గాట్లు కానరానంత మాత్రమున పాముకాటు కాదనియు నిశ్చయింపరాదు. ఈ భేదములను నిర్ణయించుట వైద్యుని పని. ఇంటివారి పని రోగిని వేళకు అతని కడకు చేర్చుట.

అపాయసూచనలు

ఈ క్రింది గుర్తులలో ఏ యొక్కటి కనబడినను తెల్లవాఱువఱకు వేచియుండరాదు. పైకి కనబడు వాపునకు మించిన దుస్సహమైన నొప్పి, చర్మము నీలముగనో నల్లగనో మాఱుట, రక్తవర్ణపు పొక్కులు, నొక్కినచో చర్మము క్రింద చిటచిట ధ్వని, నొప్పిపెట్టుచుండిన చోటు హఠాత్తుగ మొద్దుబాఱుట, గంటగంటకును అంచు ప్రాకుట, రోగి కలవరించుట, ఆయాసపడుట, మూత్రము తగ్గుట. ఇవి క్రొవ్వుపొరకు అడుగున మాంసమును కప్పియుండు పొర కుళ్ళుచున్నదనుటకుగాని, విషము రక్తమున కలిసినదనుటకుగాని గుర్తులు. అప్పుడు మందు మాత్రము చాలదు. కుళ్ళిన భాగమును శస్త్రచికిత్సచే వెంటనే తొలగింపవలెను. గంటల ఆలస్యము ప్రాణములపై తీర్పు చెప్పును. 108 బండిని పిలిచి శస్త్రవైద్యులుగల ఆసుపత్రికి చేర్చుట కర్తవ్యము.

కంటి చుట్టు వాపు, పసిపిల్లలకు వచ్చిన వాపు, చేతికి వచ్చినది, కుక్క కఱచినచోట వచ్చినది, ఇవియు ఆనాడే వైద్యునకు చూపదగినవి.

చికిత్స : నాడును నేడును

నేటి చికిత్స విలువ తెలియవలెనన్న పూర్వస్థితిని స్మరింపవలెను. 1935లో జర్మనీ దేశమున దోమాక్ అను శాస్త్రజ్ఞుని చిన్న కుమార్తె చేతిలో సూది గ్రుచ్చుకొని స్ట్రెప్టోకోకస్ వ్యాధి చేయంతయు ప్రాకెను. చేయి తీసివేయవలసివచ్చునని వైద్యులు చెప్పిరి. ఆయన తాను కనుగొన్న ప్రాంటోసిల్ అను మందును ఇచ్చి చేతిని, బిడ్డను దక్కించుకొనెను. 1941 ఫిబ్రవరిలో ఆక్స్‌ఫర్డు నగరమున ముఖమంతయు చీముపట్టి మరణాసన్నుడైయున్న ఒక పోలీసు ఉద్యోగికి పెన్సిలిన్ ఇచ్చిరి. కొలది దినములలో జ్వరము తగ్గి, ఆకలి పుట్టెను. అంతలో మందు నిలువ ముగిసెను. అతని మూత్రమునుండి తిరిగి తీసిన మందును సైతము ఇచ్చి చూచిరి. అదియు చాలక వ్యాధి తిరుగబడెను. మార్చిలో అతడు మరణించెను. నాడు లోకమున లభింపని ఆ మందు నేడు తాలూకా ఆసుపత్రిలో లభించుచున్నది. లభించియు సగములో మానివేయువారు ఈ వృత్తాంతమును తలపోయవలెను.

ఈ చరిత్రలో తెలుగువారి పాలును కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వము వహించుచుండగా, డగ్గర్ అను శాస్త్రజ్ఞుడు ఆరియోమైసిన్ అను మందును కనుగొనెను. అది 1948లో లోకమునకు ప్రకటితమయ్యెను; ఆ యేడే సుబ్బారావు పరమపదించెను. టెట్రాసైక్లిన్ జాతికి అదియే తొలి మందు. ఆ జాతికి చెందిన డాక్సిసైక్లిన్‌ను కొన్ని మొండి స్టాఫిలోకోకస్ వ్యాధులకు నేటికిని వాడుచున్నారు.

స్ట్రెప్టోకోకస్ పయోజినిస్ అను సూక్ష్మజీవి ఇన్నేండ్ల వాడుక తరువాతను పెన్సిలిన్‌కు లొంగియే యున్నది. స్టాఫిలోకోకస్ అట్లు కాదు. 1940 దశకముననే దానికి ఎదురు తిరుగ నారంభించెను. కావున వైద్యుడు వ్యాధి స్వభావమునుబట్టి పెన్సిలిన్, అమాక్సిసిలిన్, సెఫలెక్సిన్, క్లాక్సాసిలిన్ మొదలగువానిలో తగినదానిని నిర్ణయించును. పెన్సిలిన్ పడనివారు ఆ సంగతిని ముందుగనే చెప్పవలెను. సామాన్యమైన వ్యాధికి నోటి మాత్రలే చాలును. తీవ్రజ్వరము, వాంతులు, వేగముగ ప్రాకుట ఉన్నచో సిరలోనికి మందు ఎక్కింపవలసియుండును. బాగుగ తగ్గుముఖము పట్టినవారికి 5 దినములు చాలునని నేటి మతము. తగ్గనిచో వైద్యుడు పొడిగించును. ఎన్ని దినములు చెప్పెనో అన్ని దినములును వాడుట రోగి ధర్మము.

మందు మొదలిడిన తొలి రెండు దినములలో ఎఱ్ఱదనము కొంచెము పెరిగినట్లు తోచవచ్చును. జ్వరమును నొప్పియు ముందు తగ్గును, వాపు నిదానముగ తగ్గును, పిమ్మట చర్మము పొట్టువలె రాలును. ఇందుకు భయపడరాదు. కాని 48 గంటలైనను ఏ మాత్రమును గుణము కనబడనిచో తిరిగి వైద్యుని చూడవలెను. లోపల చీము దాగియుండవచ్చును. చీమును వైద్యుడే కోసి తీయవలెను.

మందుతో సమానమైన ఉపచారములు రెండు కలవు. కాలిని గుండెకంటె ఎత్తున, దిండ్లపై నుంచి పరుండుట మొదటిది. ఇందుచే వాపునీరు దిగి మందు పనికి తోడ్పడును. వాపు అంచువెంట కలముతో గీత గీసి, ప్రక్కన తేదీ, వేళ వ్రాయుట రెండవది. గీత దాటినదో లోపలికి తగ్గినదో ఇంటివారు, నర్సు, వైద్యుడు ఎవరైనను చూచి చెప్పగలరు. ప్రాకు వ్యాధిని కొలుచుటకు ఇంతకంటె చౌకయైన సాధనము లేదు. మధుమేహరోగులు చక్కెరను అదుపులో నుంచుకొనవలెను. గాయమైనవారు ధనుర్వాతపు టీకానుగూర్చి విచారింపవలెను.

చేయరాని పనులు

వాచినచోట వాత పెట్టుట, బ్లేడుతో గీరి చెడురక్తము తీయుట, పేడ, సున్నము, తెలియని పసరులు పూయుట, కాలికి త్రాడు బిగించి కట్టుట హానికరములు. వీనివలన క్రొత్త గండ్లు పడుటయే గాక, వ్యాధి ప్రాకుట కంటికి కనబడక అమూల్యమైన కాలము గడచిపోవును. పెద్దలు ప్రేమతోనే ఈ పనులు చేయుదురు. మందులేని కాలమున వేఱు దారియు లేకపోయెను. నేడు దారి కలదు. అంగడిలో అడిగి రెండు బిళ్ళలు తెచ్చి మ్రింగుటయు, నొప్పి తగ్గుటకని స్టెరాయిడు కలిసిన సూది వేయించుకొనుటయు పైవానికంటె తక్కువ హానికరములు కావు. నొప్పి అణగును, వ్యాధి లోలోపల పెరుగును.

తిరిగి వచ్చుట, దాని నివారణము

ఒకసారి వచ్చినవారికి అదే కాలికి తిరిగి వచ్చుట ఈ వ్యాధి దుర్గుణము. ప్రతి పర్యాయమును రసనాళములు కొంత చెడును; చెడుటచే వాపు నిలుచును; వాపు నిలుచుటచే వ్యాధి తిరిగి వచ్చును. ఈ చక్రము గోదావరీ మండలములందలి బోదకాలు రోగులకు చిరపరిచితము. బోదవ్యాధికి సుబ్బారావు పరిశోధనాలయమునుండియే 1947లో హెట్రజాన్ వెలువడెను. కాని ఒకసారి స్థిరపడిన వాపునకు మాటిమాటికి వచ్చు జ్వరములను తగ్గించునది ప్రతిదినము కాలిని సబ్బుతో కడిగి, తుడిచి, పగుళ్ళను మాన్పుకొనుటయే యని అనుభవముచే తేలినది. అదియే ఇచ్చటను వర్తించును.

ఈ చక్రమును త్రెంచుటకు ఆధారములు కలవు. ఆస్ట్రేలియాలో జరిగి 2020లో ప్రకటితమైన పరిశోధనలో, కాళ్ళ వాపు గలవారు బిగువు మేజోళ్ళు ధరించినప్పుడు 100కు 15 మందికి, ధరింపనివారిలో 100కు 40 మందికి వ్యాధి తిరిగి వచ్చెను. 2013లో ప్రకటితమైన మఱియొక పరిశోధనలో, పలుమార్లు వ్యాధి వచ్చిన 274 మందిలో, ఏడాదిపాటు స్వల్పమాత్రలో పెన్సిలిన్ వాడినవారిలో 100కు 22 మందికి, వాడనివారిలో 100కు 37 మందికి ఆ యేడు తిరిగి వచ్చెను. మందు మానిన పిమ్మట ఆ రక్షణ క్రమముగ తగ్గిపోయెను. ఈ రెండును వైద్యుని సలహాపై చేయదగినవి. రక్తనాళములు పూడినవారికి బిగువు మేజోళ్ళు హానిచేయును.

ఎవరి సలహాయు అక్కఱలేనివి కొన్ని కలవు. పొలమునుండి వచ్చినతోడనే కాళ్ళు సబ్బుతో కడిగి, వ్రేళ్ళ సందులను పొడిగుడ్డతో ఒక్కొక్కటిగ తుడుచుట. సందులు తెల్లబడి దురద పెట్టినచో శిలీంధ్రములను చంపు లేపనము వ్రాయుట. పడుకొనునప్పుడు మడమలకు కొబ్బరినూనెగాని వాసెలిన్‌గాని పట్టించుట; వ్రేళ్ళ సందులకు మాత్రము పూయరాదు. చెప్పులు తొడుగుట. గాయమును శుభ్రమైన నీటితో కడిగి కప్పుట. మధుమేహరోగి దినమున కొకసారి అరికాలిని అద్దములోగాని, ఇంటివారి చేతగాని చూపించుకొనుట. నీటి కొఱత గల సీమయైనను కాళ్ళు కడుగుటకు ఒక చెంబెడు నీరు చాలును.

ఉపసంహారము

ఒక కష్టజీవి పది దినములు మంచమెక్కినచో కూలి పోవును, పశువుల మేత పోవును, పట్టుపురుగులకు ఆకు వేయువారుండరు. కాలు పోయినచో ఆ కుటుంబపు జీవనక్రమమే తలక్రిందగును. ఇంతటి నష్టమునకు మూలము వ్రేలి సందులోని గోరంత చీలిక. దానిని మూయుటకు కావలసినది గుడ్డముక్కయు, కొంత శ్రద్ధయు. దానినుండి చొచ్చిన వ్యాధిని గెలుచుటకు కావలసినది వేళ మీఱకుండ ఆసుపత్రికి నడచు వివేకము. కన్నడదేశమున నున్న తెలుగు కుటుంబములకు ఒక సౌలభ్యమును కలదు: వైద్యుడు కన్నడమున చెప్పిన మాటను ఇంటి పెద్దలకు తెలుగున విడమఱచి చెప్పగల యువకులు ప్రతి యింటను ఉన్నారు. ఎన్ని దినములు మందు వాడవలెనో, కాలినెట్లు ఎత్తున నుంచవలెనో, ఏ గుర్తు కనబడిన పరుగెత్తవలెనో వారు పెద్దలకు ఇంటి మాటలలో తెలిపినచో, ఆ యింటి కాళ్ళు నిలుచును.